గోపురము కట్టువారి లెక్క

చదువవలసిన భాగములు: లూకా 14:25–33; లూకా 10:38–42; నిర్గమకాండము 18:13–27

మన సంఘములలో ఈ కొన్ని యేండ్లుగా ఒక క్రొత్త సంగతి చూచుచున్నాము. ఇంటర్మీడియెట్‌తో చదువు చాలించి, పెండ్లి చేసికొని, బిడ్డలను కని, ఏదో యొక ఉద్యోగములో పది పదిహేనేండ్లు గడిపినవారు మరల పుస్తకము చేతపట్టుచున్నారు. వీరు కళాశాల మెట్లెక్కరు. పగలు పని, సాయంకాలము ఇల్లు. రాత్రి అందరును పండుకొన్న తరువాత సెల్‌ఫోను ముందరనో లాప్‌టాప్ ముందరనో కూర్చుండి బి.ఏ., బి.కాం., బి.సి.ఏ. చదువుచున్నారు. వీరిని చూచి కొందరు సంతోషించుచున్నారు. మరికొందరు, “పిల్లలను చదివించుకొనక, ఈ వయస్సులో నీకు డిగ్రీ యెందుకమ్మా?” అనుచున్నారు. మేము సంతోషించువారి పక్షముననే యున్నాము. అయితే మొదటి సంవత్సరపు ఫీజు కట్టి, రెండవ సంవత్సరము రాకమునుపే విడిచిపెట్టినవారిని కూడ మనము ఎరుగుదుము. వారు తెలివి తక్కువవారు కారు, సోమరులును కారు. మొదట కూర్చుండి లెక్క చూచుకొనకపోవుటయే వారిలో అనేకుల విషయములో కారణమని మా అభిప్రాయము.

లూకా సువార్త 14వ అధ్యాయములో మన ప్రభువు గోపురము కట్టదలచిన యొకని సంగతి చెప్పెను. పునాది వేసి, పైకి లేపలేక నిలిచిపోయిన వానిని చూచి చుట్టునున్నవారు నవ్వుదురని హెచ్చరించెను. ఆ ఉపమానము శిష్యత్వమును గూర్చినది. దానిని కళాశాల చదువు మీదికి త్రిప్పి చెప్పుట మా ఉద్దేశము కాదు. అయితే ఆ ఉపమానము అందరికిని ముందే తెలిసిన యొక సంగతి మీద నిలిచియున్నది. కట్టడమునకు పూనుకొన్నవాడు మొదట లెక్క వేసికొనవలెనని ప్రభువు ఎవరికిని వేరుగా నేర్పనక్కరలేకపోయెను. మేస్త్రీని పిలువక మునుపు ఇటుక యెంత, సిమెంటు ఎంత, కూలి యెంత యని మన పల్లెలలో ఎవరు లెక్కింపరు? ఇంటికి ఇంత లెక్క చూచు మనము మూడేండ్లో ఆరేండ్లో పట్టు చదువునకు ఫీజు తప్ప వేరొక లెక్క చూడము. ఫీజు అందులో చిన్న భాగము మాత్రమే.

ఈ విధమైన చదువు ఇంటర్నెట్టుతో పుట్టినది కాదు. లండను విశ్వవిద్యాలయము 1858లోనే తన కళాశాలలలో చదువనివారు సహితము పరీక్షలు వ్రాసి పట్టము పొందుటకు త్రోవ తెరచెను. మన దేశములో ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో తపాలా ద్వారా పాఠములు పంపుట ప్రారంభించెను. బ్రిటనులోని ఓపెన్ యూనివర్సిటీ 1969లో రాజశాసనము పొంది, 1971 జనవరిలో బోధన మొదలుపెట్టెను. పని చేసికొనువారికి బి.బి.సి. రేడియోలోను టెలివిజనులోను దాని పాఠములు వచ్చుచుండెడివి. తెలుగువారు తలంచుకొని సంతోషింపదగిన సంగతి యొకటి కలదు. భారతదేశమునందు మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982 ఆగస్టు 26న మన హైదరాబాదులోనే స్థాపింపబడెను. మొదట దానికి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమని పేరు. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి. దాని మొదటి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము, అనగా అందరు ఇగ్నో అనునది, ఢిల్లీలో ఏర్పడినప్పుడు దానికిని ఆయనే మొదటి ఉపకులపతి ఆయెను. అంబేద్కర్ విశ్వవిద్యాలయమువారు తెలుగులో అచ్చు వేయించిన పుస్తకములను డిగ్రీతో నిమిత్తము లేక, ప్రభుత్వోద్యోగముల పరీక్షలకు సిద్ధపడువారు కూడ వెదకి కొని చదువుదురు.

ఇల్లు కదలక చదివినవారిలో లోకమంతయు ఎరిగిన యొక మనుష్యుని తలంచుదము. నెల్సన్ మండేలా యౌవనమున జోహాన్నెస్‌బర్గులో ఒక న్యాయవాదుల కార్యాలయమందు గుమాస్తాగా పనిచేయుచు, దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయమువారి దూరవిద్య ద్వారా బి.ఏ. ముగించి, 1943లో పట్టము పుచ్చుకొనెను. ఆ దినములలో ఆయన అలెగ్జాండ్రా అను పేదల పేటలో అద్దె గదిలో కాపురముండి, క్రొవ్వొత్తి వెలుగున చదువుకొనెను. ఆ 1943లోనే వేరొక విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రపు పట్టమునకు చేరెను. 1944లో ఎవెలిన్ అను నర్సును పెండ్లాడెను. బిడ్డలు కలిగిరి, రాజకీయ పోరాటము పెరిగెను, పరీక్షలు తప్పెను. ఆమె జీతము ఆ ఇంటికి పెద్ద ఆధారము. కాన్పునకు ఆమె సెలవు పెట్టి జీతము లేకపోయినప్పుడు ఇల్లు జరుగుటయే కష్టమాయెను. ఆ న్యాయశాస్త్ర పట్టము ఆయనకు 1989లో, చెరసాలలో నుండగా, మరల దూరవిద్య ద్వారానే లభించెను. మొదలుపెట్టిన నలువదియారు సంవత్సరములకు! మండేలా పట్టుదలను గూర్చి ప్రసంగములలో వినుచుందుము. ఎవెలిన్ నైట్ డ్యూటీలను గూర్చి ఎవరును చెప్పరు. ఒకరి చదువునకు ఇంటిలో మరియొకరు వెల చెల్లించుచుందురు. ఈ మాసపు పాఠమంతయు ఆ మరియొకరిని గూర్చినదే యని చెప్పవచ్చును.

ఆ సంగతికి పోకమునుపు పునాది గట్టిదో కాదో చూచుకొనుట అవసరము. దూరవిద్య వేరు, ఆన్‌లైన్ చదువు వేరు. దూరవిద్యలో పుస్తకములు వచ్చును, అధ్యయన కేంద్రములో అప్పుడప్పుడు తరగతులు జరుగును. ఆన్‌లైన్ చదువులో పాఠములు, ప్రశ్నలు, జవాబులు అన్నియు కంప్యూటరు ద్వారానే జరుగును. ఈ రెండు విధములైన డిగ్రీలును, అనుమతి పొందిన సంస్థ ఇచ్చినయెడల, కళాశాలకు పోయి చదివిన డిగ్రీతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2020లో చేసిన నిబంధనలు చెప్పుచున్నవి. అనుమతి పొందిన సంస్థ అను మాటలోనే అంతయు నున్నది. ఒక విశ్వవిద్యాలయమునకు పేరుండుట చాలదు. మీరు చేరగోరు ఆ చదువునకు, మీరు చేరు ఆ ప్రవేశ కాలమునకు అనుమతి యుండవలెను. యు.జి.సి. వారి దూరవిద్యా విభాగపు వెబ్‌సైటులో ఆ జాబితా ఎవరైనను చూడవచ్చును. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రము, వ్యవసాయము మొదలగువాటిలో ఈ మార్గమున డిగ్రీ లేదు. 2025 జూలై–ఆగస్టు ప్రవేశముల నుండి మనస్తత్వశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము, ఆహార పోషణశాస్త్రము వంటివి కూడ నిలిపివేసిరి. కాబట్టి ఇంట కూర్చుండియే నర్సింగు డిగ్రీ తీసికొనవచ్చునని ఎవరైనను చెప్పినయెడల అక్కడనే లేచి వచ్చివేయవచ్చును. మధ్యవర్తులకు, ఫ్రాంచైజీలకు ఈ నిబంధనలలో చోటు లేదు. బస్టాండు ప్రక్కను మేడ మీద బోర్డు కట్టి, పాసు గ్యారంటీ యని చెప్పువాని చేతిలో డబ్బు పెట్టక, విశ్వవిద్యాలయమునకే నేరుగా కట్టవలెను. ఫీజును నెలవారీ వాయిదాలని చెప్పి, సంతకము పెట్టించుకొని, దానిని ఒక ఫైనాన్సు కంపెనీ అప్పుగా మార్చువారును కలరు. చదువు నిలిచినను ఆ వాయిదాలు నిలువవు. ఏ కాగితముమీద సంతకము పెట్టుచున్నారో ఇంటిలో చదువుకొన్న పిల్లవానిచేతనైనను చదివించుకొనుడి.

ఇంకొక చిన్న సంగతి. 2024 నుండి ఈ చదువులలో చేరువారు యు.జి.సి. వారి వద్ద డెబ్ ఐడి యను నంబరు స్వయముగా తీసికొనవలసియున్నది. అది ఆధారుతో ముడిపడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాను ఆధారము చేసికొని వచ్చును. ఇక్కడ మన విశ్వాసుల ఇండ్లలో చిక్కు వచ్చుచున్నది. పదవ తరగతి సర్టిఫికెటులో పుట్టింటి యింటిపేరు, ఆధారులో అత్తింటి యింటిపేరు, సంఘపు రిజిస్టరులో బాప్తిస్మమందు పెట్టిన పేరు! సంఘపు రిజిస్టరుతో విశ్వవిద్యాలయమునకు పని లేదు గాని, మొదటి రెండు కలియకపోయినయెడల పని నిలిచిపోవును. ప్రవేశపు కడపటి తేదీ ఎదుట పెట్టుకొని మీసేవ చుట్టు తిరుగుటకంటె రెండు నెలల ముందే పేరు సరిచేసికొనుట మేలు. బోధన ఏ భాషలో జరుగునో కూడ ముందే తెలిసికొనవలెను. ఆన్‌లైన్ డిగ్రీలలో పెక్కింటి పాఠములు ఇంగ్లీషులోనే యుండును. తెలుగు మీడియములో చదివి పదునైదేండ్లు పుస్తకము ముట్టనివారికి పాఠము కష్టము కాదు, పాఠపు భాష కష్టము. అట్టివారు తెలుగు పుస్తకములు దొరకు దూరవిద్యను ఎన్నుకొనుటలో చిన్నతనము లేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. ఇగ్నోవారి లెక్కలో ఒక క్రెడిట్ అనగా ముప్పది గంటల చదువు. వినుట, చదువుట, వ్రాయుట, అసైన్‌మెంట్లు అన్నియు కలిపి ముప్పది. 2022లో యు.జి.సి. ఏర్పరచిన క్రమము ప్రకారము మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. హెచ్చవేసి చూడుడి: 3,600 గంటలు. మూడేండ్లలో ముగింపవలెనన్నయెడల సంవత్సరమునకు 1,200 గంటలు, వారమునకు సుమారు 23 గంటలు. కొందరికి ఇంత పట్టదు, కొందరికి ఇంకను ఎక్కువ పట్టును. అయినను లెక్క వేయుటకు ఇది చాలును. వారమునకు 23 గంటలనగా ఉద్యోగము చేయువానికి అది రెండవ ఉద్యోగములో సగము. ఈ మాట చేరునప్పుడు ఎవరును చెప్పరు. ప్రకటనలో నవ్వుచున్న స్త్రీ బొమ్మ, ఒడిలో బిడ్డ, బల్లమీద లాప్‌టాప్ మాత్రమే యుండును. బిడ్డ ఒడిలో నుండగా అర్థశాస్త్రము చదివిన తల్లి ఎవరైనను యున్నయెడల మాకు చెప్పవలెను!

అయితే నిరుత్సాహపడనక్కరలేదు. ఇగ్నోలో మూడేండ్ల డిగ్రీని ముగించుటకు ఆరేండ్ల వరకు గడువు కలదు. ఆరేండ్లకు పరచినయెడల వారమునకు పదకొండున్నర గంటలగును. మూడేండ్లలో ముగింపలేకపోయితిమని సిగ్గుపడువారు ఈ గడువు ఎవరికొరకు పెట్టబడెనో ఆలోచింపవలెను. సంసారము, ఉద్యోగము ఉన్నవారికొరకే గదా!

ఈ పదకొండున్నర గంటలు ఎక్కడనుండి వచ్చును? ఒక సహోదరిని ఊహించుకొందము. ఆమె ఒక ప్రైవేటు పాఠశాల కార్యాలయములో గుమాస్తా. భర్తకు లేతు షాపులో పని. ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె, అయిదవ తరగతి చదువు కుమారుడు, చక్కెర వ్యాధిగల అత్తగారు ఇంటిలో నున్నారు. ఆమె అయిదింటికి లేచును. నీళ్లు పట్టుట, వంట, నాలుగు క్యారియర్లు, అత్తగారి మాత్రలు, ఎనిమిదింటికి బస్సు. సాయంకాలము అయిదున్నరకు తిరిగి ఇల్లు చేరును. అంట్లు, బట్టలు, రాత్రి వంట, పిల్లల హోంవర్కు ముగియువరకు తొమ్మిదిన్నర. అప్పుడు ఫోను తెరచి పాఠము పెట్టును. పది నిమిషములలో ఫోను చేతనుండగనే నిద్రపోవును. పాఠము మాత్రము తుదివరకు నడచును, తెరమీద “పూర్తియైనది” యని వచ్చును. ఇట్టివి నూరు పూర్తియైనను పరీక్షలో ఒక్క ప్రశ్నకు జవాబు రాదు.

ఆమె గంటలు ఈ విధముగ దొరకవచ్చునని మాకు తోచుచున్నది. వారములో అయిదు దినములు వేకువను నాలుగున్నర మొదలు అయిదున్నర వరకు ఒక్కొక్క గంట, ఇవి అయిదు. నాలుగు సాయంకాలములు ఎనిమిదిన్నర మొదలు తొమ్మిదిన్నర వరకు, ఇవి నాలుగు. ఆదివారము మధ్యాహ్నము రెండున్నర గంటలు. మొత్తము పదకొండున్నర. బస్సులో చెవికి తగిలించుకొని వినునది ఈ లెక్కలో చేర్చలేదు. సీటు దొరకని దినములే యెక్కువ. కాగితముమీద ఎంత సులువుగా తేలెను! కాని ప్రతి గంటకును ఇంటిలో ఒక పేరుండవలెను. వేకువ నాలుగున్నరకు లేచునది తొమ్మిదిన్నరకు పండుకొనవలెను గనుక, మరునాటి కూర తరుగుట, పప్పు నానవేయుట రాత్రి పదింటికి ఆమె చేయరాదు; అది భర్త పని. వేకువను అయిదున్నర వరకు ఆమె బల్లయొద్ద నుండగా నీళ్లు పట్టువాడు కూడ ఆయనే. సాయంకాలపు నాలుగు గంటలలో పిల్లల హోంవర్కు చూచువాడును ఆయనే. ఆదివారము మధ్యాహ్నము ఇంటికి వచ్చు చుట్టములను అత్తగారు పలుకరించి కూర్చుండబెట్టవలెను. “మా కోడలు చదువుకొనుచున్నది” అని అత్తగారు నోటితో చెప్పిననాడు ఆ ఇంటిలో ఆమె చదువు నిలుచును.

ఇక్కడ ఒక అపాయము కలదు, దానిని గూర్చి కొంచెము గట్టిగానే చెప్పవలసియున్నది. తల్లి గంటలను భర్త ఇయ్యక, అత్తగారు ఇయ్యక, ఎనిమిదవ తరగతి కుమార్తె చేతిలో పెట్టుచున్నారు. అంట్లు ఆమెవి, తమ్ముని స్నానము ఆమెది, రాత్రి రొట్టెలు ఆమెవి. తల్లి డిగ్రీకి కుమార్తె పదవ తరగతి మార్కులతో వెల చెల్లించుట ఏమి న్యాయము? కుమార్తె కొంత సహాయము చేయవచ్చును, చేయవలెను. అదే కొలతతో కుమారుడును చేయవలెను. అయిదవ తరగతి బాలునికి కంచము కడుగుట తెలియదనువారు వానికి క్రికెట్టు స్కోరు ఎట్లు తెలిసెనో అడుగవలెను.

భర్త చదువుచున్న ఇంటిని కూడ చూడుడి. ఆయన గది తలుపు వేసికొనును. భార్య పిల్లలను అదలించి నిశ్శబ్దము చేయును, తొమ్మిదింటికి టీ పెట్టి తెచ్చును. దీనికొరకు ఆ ఇంటిలో ఎవరును సమావేశము పెట్టలేదు, ఒప్పందము చేసికొనలేదు. అది తనంతట తానే జరిగెను. భార్య చదువదలచినప్పుడు మాత్రము అనుమతి, చర్చ, పెద్దల మాట అన్నియు కావలసివచ్చును. ఈ తేడాను మన పురుషులు గమనింపవలెను.

లూకా 10వ అధ్యాయములో బేతనియలోని ఇంటి సంగతి మనమెరుగుదుము. మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండి బోధ వినెను. మార్త పనుల తొందరలో పడి, సహాయము చేయుమని తన సహోదరితో చెప్పుమని ఆయనను అడిగెను. ప్రభువు మరియను లేపి వంటయింటికి పంపలేదు. ఒక స్త్రీ కూర్చుండి నేర్చుకొనుటను ఆయన వింతగా చూడలేదు. ఈ మాటను మన స్త్రీల సమాజములలో అనేకమారులు విన్నాము. కాని మార్త అడిగినది మాత్రము మన ఇండ్లలో నేటికిని ఉన్న ప్రశ్నయే: ఇందరికి వండునది ఎవరు? ప్రభువు పలుకులను మరియ పక్షమున మాత్రమే చెప్పి, మార్తను సణుగుదానిగా నిలువబెట్టి ప్రసంగము ముగించుట సులభము. మరియ కూర్చుండుటను నిజముగా కోరువారు మార్త చేతిలోని పనిలో కొంత తాము తీసికొందురు. ఒకే స్త్రీ మరియగాను మార్తగాను ఉండవలెనని కోరుట వలననే రెండవ సంవత్సరపు ఫీజు కట్టకమునుపే చదువు నిలిచిపోవుచున్నది.

మోషే ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్కడే కూర్చుండి ప్రజల తగవులు తీర్చుచుండగా, ఈ భారము నీ ఒక్కనివలన కాదు, నలిగిపోవుదువు, పనిని పంచుమని చెప్పినవాడు ఎవరు? అతని మామ యిత్రో. ఇంటికి వచ్చిన మామగారు ఒక దినము కూర్చుండి చూచి ఆ మాట చెప్పెను. ముందు చూచెను, పిమ్మట చెప్పెను. మన ఇండ్లలోని అత్తమామలు ఒక్క వారము కోడలి దినచర్యను గడియారముతో చూచినయెడల యిత్రో చెప్పిన మాట వారికిని తోచును. ఫీజు కట్టకమునుపు ఇంటిలో అందరును ఒక సాయంకాలము కూర్చుండి, ఒక కాగితముమీద వారములోని గంటలు వ్రాసి, ప్రతి గంట ప్రక్కను పేరు వ్రాయుట మంచిది. పేరు లేని గంట దొరకదని తెలిసికొనుడి. ఆ కాగితమును బీరువాలో దాచక వంటయింటి గోడకు అంటింపుడి.

కొందరి విషయములో ఆ కాగితము నిండదు. ఇంటిలో పసిబిడ్డ యుండవచ్చును, మంచము పట్టిన పెద్దలుండవచ్చును, ఉద్యోగములో వారమునకొక షిఫ్టు మారుచుండవచ్చును. అట్టివారు ఒక సంవత్సరము ఆగవచ్చును. ఇగ్నోలో జనవరిలోను జూలైలోను ఏటికి రెండుమారులు ప్రవేశములు జరుగుచున్నవి గనుక తలుపు మూసికొనిపోదు. డిగ్రీ అంతటికి కట్టుబడకమునుపు చదువు అలవాటు తిరిగి వచ్చునో లేదో చూచుకొనగోరువారికి కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన స్వయం అను ఆన్‌లైన్ వేదికలో ఒక్కొక్క కోర్సును ఫీజు లేకుండ చదువవచ్చును. సర్టిఫికెటు కావలెనన్నప్పుడే పరీక్షకు రుసుము కట్టవలెను. ఒక కోర్సును తుదివరకు సాగించినవారికి తమ ఇంటిలో గంటలు ఎంత దొరకునో తెలిసిపోవును.

అసైన్‌మెంట్లను గూర్చి ఒక మాట. వీటికి నూటికి ముప్పదివరకు మార్కులుండును. మిగిలినవి కడపటి పరీక్షలో. జిరాక్సు దుకాణములలో వ్రాసిపెట్టిన అసైన్‌మెంట్లు అమ్ముచున్నారు. ఇప్పుడు ప్రశ్న చెప్పగానే జవాబు వ్రాసియిచ్చు యంత్రములును ఫోనులోనే వచ్చినవి. రాత్రి పదింటికి అలసియున్నవారికి ఇది పెద్ద శోధన. అది అసత్యమని మన చదువరులకు చెప్పనక్కరలేదు. అసత్యమేగాక నష్టము కూడ. అసైన్‌మెంటు వ్రాయునప్పుడే పాఠము తలకెక్కును. దానిని కొనుక్కొన్నవారు డెబ్బది మార్కుల పరీక్షగదిలో వట్టి చేతులతో కూర్చుందురు. తెలియని మాట యర్థమును యంత్రమునడిగి తెలిసికొనుట వేరు, నిఘంటువు చూచినట్లే అది. వ్రాత మాత్రము మన చేతిదై యుండవలెను.

సంఘము ఏమి చేయగలదను ప్రశ్న మిగిలియున్నది. అనేక స్థలములలో దూరవిద్య తరగతులు ఆదివారములలోను సెలవు దినములలోను జరుగును. ఉద్యోగస్థులకు వేరే దినము లేదు గదా. ఆరాధన వేళయందే తరగతి పడినప్పుడు మన విద్యార్థులు కలతపడుచున్నారు. వారిని భక్తి తగ్గినవారిగా లెక్కించుటకు మేము ఒప్పుకొనము. సాయంకాలపు ఆరాధన గలిగిన సంఘములో వారు దానికి రావచ్చును. లేని చోట పాస్టరుగారు వారిలో నలుగురైదుగురికి వారమధ్యమున ఒక గంట ప్రార్థన కూడిక పెట్టవచ్చును. ఆన్‌లైన్ తరగతులలో రికార్డు చేసిన పాఠములను మరియొక వేళ చూచుకొను వీలుండును గనుక ఈ చిక్కు వారికి తక్కువ. ఒక గదిలో అయిదుగురు కాపురముండు ఇండ్లు మనలో కొల్లలు. అట్టివారికి కావలసినది సలహా కాదు, ఒక కుర్చీ, ఒక దీపము, నిశ్శబ్దము. ఆరాధన లేని సాయంకాలములలో మందిరపు ప్రక్కగది తాళము తీసి, వైఫై పెట్టి, ఆరు మొదలు తొమ్మిదివరకు ఒక పెద్దను కావలి యుంచుటకు సంఘమునకు ఎంత ఖర్చగును? స్త్రీలు రాత్రి ఇల్లు చేరుటకు తోడు కూడ ఏర్పాటు చేయవలెను.

మరి డిసెంబరు మాసము. ఇగ్నో సంవత్సరాంత పరీక్షలు జూనులోను డిసెంబరులోను జరుగును. డిసెంబరు పరీక్షలు క్రిస్మసు చుట్టునే పడి, కొన్నిమారులు జనవరిలోనికి సాగును. క్వయరు అభ్యాసము, ఇంటింటికి క్యారల్సు, సండేస్కూలు నాటకము, మందిరమునకు సున్నము, ఇంటిలో పిండివంటలు అన్నియు అప్పుడే. చదువుచున్న సహోదరి సండేస్కూలు ఉపాధ్యాయురాలు కూడ అయినయెడల ఆమె సంగతి చెప్పనక్కరలేదు. నవంబరు మొదటి వారమందే హాల్ టికెట్టు తేదీలు అడిగి తెలిసికొని, ఆ తరగతిని వేరొకరికి అప్పగించి, క్యారల్సు జాబితాలో ఆమె పేరు కొట్టివేయుడి. రాలేదేమని ఎవరును ఆమెను అడుగకుండ పాస్టరుగారు ముందుగానే సంఘమునకు ప్రకటించుట మేలు. అరిసెలు పొరుగింటి సహోదరీలు చేసి పంపవచ్చును. చక్కెర వ్యాధిగల అత్తగారికి మాత్రము వేరుగా ఏదైనను చేయుడి.